నేల విడవని సాము

తెలుగులో ‘నేల విడిచి సాము చేయడం’ అని ఒక జాతీయం ఉంది. ఆధారం లేని పనికి ఆర్భాటంగా దిగినవాణ్ణి చూసి మన పెద్దలు అనే మాట అది. సాము అంటే కర్రతోనో కత్తితోనో ఒట్టి చేతులతోనో చేసే యుద్ధవిద్య. ఆ విద్య నేర్పే గురువులు మన ఊళ్ళలో అరుదైపోయారు గానీ జాతీయం మాత్రం మిగిలింది. పిల్లలకు ఆత్మరక్షణ నేర్పించడానికి డబ్బూ సమయమూ ధారపోస్తున్న మనం ఆ మాటను ఒకసారి దగ్గర పెట్టుకుని ఆలోచిస్తే మంచిదనిపించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మన అల్ఫారెట్టాలో స్టేట్ బ్రిడ్జ్ రోడ్డు మీదా, విండ్‌వర్డ్ పార్క్‌వే పక్కనా ఉన్న షాపింగ్ సెంటర్లు అందరికీ తెలిసినవే. ఇండియన్ గ్రోసరీ, దోసెల హోటలు, లెక్కల ట్యూషన్, వాటి వరసలోనే కరాటేయో టైక్వాండోయో నేర్పే బడి. బడి వదలగానే పిల్లల్ని వ్యాన్లో తీసుకువెళ్ళి, తల్లిదండ్రులు ఆఫీసుల నుంచి వచ్చేదాకా అట్టేపెట్టుకునే సదుపాయం కూడా చాలాచోట్ల ఉంది. రెండు మూడు నెలలకొక పరీక్ష, పరీక్షకొక ఫీజు, ఫీజుకొక కొత్త రంగు బెల్టు. పదేళ్ళు నిండకుండానే నల్ల బెల్టు కట్టిన పిల్లలు మన కుటుంబాల్లోనే ఎందరో ఉన్నారు. ఆ ఫోటోలు ఇండియాలోని తాతయ్యలకూ అమ్మమ్మలకూ చేరుతున్నాయి. సంతోషమే. ఆ సంతోషం వెనకాల మనలో చాలామందికి ఒక నమ్మకం కూడా ఉంది: ‘ఇక మా అమ్మాయికి భయం లేదు, ఎవడైనా మీదికొస్తే నాలుగు తన్నగలదు.’ నాకు సందేహం ఈ నమ్మకం మీదే.

చాలా తరగతుల్లో జరిగేది ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లలు వరసగా నిలబడి మాస్టారు లెక్క చెబుతుంటే గాలిలో గుద్దుతారు, గాలిలో తంతారు. తర్వాత ఇద్దరిద్దరుగా నిలబడతారు. ఒకడు కుడిచెయ్యి చాపుతాడు, రెండోవాడు దాన్ని అడ్డుకుని, మెలిపెట్టి, పడదోస్తాడు. చెయ్యి చాపినవాడు బొమ్మలా నిలబడి, పడమన్నప్పుడు పడతాడు. ఇందులో తప్పేమీ లేదు. అక్షరాలు దిద్దించేటప్పుడు పంతులుగారు పిల్లవాడి చెయ్యి పట్టుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. కానీ పదేళ్ళయినా ఆ చెయ్యి వదలకపోతే పిల్లవాడికి రాయడం వచ్చిందని ఎలా అంటాం? వీధిలో మీదికొచ్చేవాడు చెయ్యి చాపి ఆగడు. చాపిన చెయ్యి వెనక్కు లాక్కుంటాడు, జుట్టు పట్టుకుంటాడు, కింద పడేస్తాడు. పడమంటే పడడు.

నేను ఆస్పత్రిలో అత్యవసర విభాగంలో పనిచేసే డాక్టర్ని. మా వృత్తిలో ఈ సంగతి రోజూ ఎదురయ్యేదే. గుండె ఆగిన మనిషి ఛాతీని ఎలా నొక్కాలో పుస్తకం చదివితే అరగంటలో అర్థమవుతుంది. చేతికి రావాలంటే మాత్రం బొమ్మ మీద చెమట పట్టేలా నొక్కాలి. ఎంత లోతు నొక్కామో, ఎంత వేగంగా నొక్కామో ఆ బొమ్మ చెబుతుంది. తప్పు చేస్తే ఒప్పుకోదు. అందుకు ఇచ్చే కార్డుకు రెండేళ్ళే గడువు. నిజానికి సాధన లేకపోతే నైపుణ్యం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. నల్ల బెల్టుకు గడువు లేదు, అలమరలో ఎన్నేళ్ళయినా నల్లగానే ఉంటుంది.

మా విభాగానికి తరచు వచ్చే ఒక గాయానికి ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’ అని పేరు. చిటికెన వేలి మొదట్లో అరచేతి ఎముక విరగడం. పేరుకు బాక్సర్లదే అయినా, కోపంలో గోడనో ఎదుటివాడి తలనో గుద్దిన మామూలు మనుషులకే ఎక్కువగా అవుతుంది. పిడికిలి ఎలా బిగించాలో, ఏ వేళ్ళ కణుపులు ముందు తగలాలో గట్టి వస్తువును కొడుతూ నేర్చుకుంటేగాని తెలియదు. గాలిని వెయ్యిసార్లు కొట్టినా చెయ్యి విరగదు, అందుకే గాలి మనకేమీ నేర్పదు. దీనికి భయం కూడా తోడవుతుంది. గుండె దడదడలాడుతూ, చేతులు వణుకుతూ, చూపు ఇరుకై ఉన్న స్థితిలో సున్నితమైన మెలికలు గుర్తుకు రావు. అలాంటి ఒత్తిడిలో ముందే కొంత సాధన చేసి ఉంటే రెండు మూడు మోటు పనులైనా చేతనవుతాయి.

ఈ గాలిసాధన ఎక్కడ నుంచి వచ్చిందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో కరాటే ఒకప్పుడు గురువు కొద్దిమంది శిష్యులకు చాటుగా నేర్పిన విద్య. 1901 ప్రాంతంలో ఇటోసు ఆంకో అనే గురువు దాన్ని పాఠశాలల్లో ప్రవేశపెట్టాడు. ఎదురుగా నలభై యాభై మంది పిల్లలు, ఒక్క గురువు. వాళ్ళను దెబ్బలు తగలకుండా ఒకేసారి కదిలించాలి. అందుకని డ్రిల్లులాగా వరసలో నిలబెట్టి చేయించే పద్ధతికి ప్రాధాన్యం వచ్చింది. పిల్లల ఆరోగ్యానికి, క్రమశిక్షణకు అది చక్కని ఏర్పాటు. ఈనాడు ప్రపంచమంతటా కనిపించే తరగతి రూపానికి మూలాలు అక్కడున్నాయి. పాఠశాల వ్యాయామానికి తగిన పద్ధతిని తీసుకుని అదే యుద్ధవిద్య అంతా అనుకోవడంతో చిక్కు వచ్చింది.

అదే జపాన్‌లో అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఇంకొకాయన వేరే దారి పట్టాడు. పేరు కానో జిగోరో, స్వతహాగా విద్యావేత్త. పాత జుజుత్సు విద్యలో కళ్ళు పొడవడం, కీళ్ళు విరవడం లాంటి ప్రాణాంతకమైన పట్లు చాలా ఉండేవి. వాటిని తోటివాడి మీద పూర్తి బలంతో సాధన చేయలేరు కనుక నెమ్మదిగా, నటనగా చేసేవారు. 1882లో కొడోకాన్ అనే బడి పెట్టిన కానో ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛా సాధనలో నుంచి తీసేశాడు. మిగిలిన పట్లను ఒప్పుకోని ప్రత్యర్థి మీద పూర్తి బలంతో ప్రయత్నించమన్నాడు. దాన్నే ‘రందోరి’ అంటారు. కాగితం మీద చూస్తే ఆయన విద్య బలహీనపడింది. చాపమీదకు వచ్చేసరికి ఆయన శిష్యులు బలవంతులయ్యారు. పదిసార్లు నటించిన భయంకరమైన పట్టు కన్నా, పదివేలసార్లు నిజంగా ప్రయత్నించిన మామూలు పట్టు పనికొస్తుందని ఆయన నిరూపించాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడోకు చోటు దక్కింది. నల్ల బెల్టు అనే ఆలోచన కూడా ఆయన బడిలో పుట్టినదేనని చాలామందికి తెలియదు. మనవాళ్ళకు బెల్టు చేరింది, రందోరి దారిలోనే ఆగిపోయింది.

కానో శిష్యుల్లో మయెదా అనే ఆయన 1914లో బ్రెజిల్ చేరి అక్కడ నేర్పిన విద్య గ్రేసీ అనే కుటుంబం చేతిలో కొత్త రూపం తీసుకుంది. 1993 నవంబరులో కొలరాడోలోని డెన్వర్‌లో రకరకాల విద్యలవారిని ఒక పంజరంలో నిలబెట్టి తొలి అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ జరిపారు. ఆ కుటుంబానికి చెందిన రాయిస్ గ్రేసీ అనే సన్నపాటి యువకుడు ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. ఆ పోటీ పెట్టినవారిలో ఆయన అన్నగారు ఒకరనేది కూడా చెప్పుకోవాలి. ఏమైనా ఆ రాత్రి తర్వాత పాత గురువుల మాటలను జనం పరీక్షకు పెట్టడం మొదలుపెట్టారు. 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూ నగరంలో షు షియావోడోంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ శిక్షకుడు, వెయ్ లెయ్ అనే తాయ్‌చీ గురువును అర నిమిషం గడవకముందే నేలకరిపించాడు. దాన్ని చూసి తాయ్‌చీ పనికిమాలినదని నవ్వినవారు చాలామంది ఉన్నారు. ఆ గురువు అంతకుముందు ఒప్పుకోని మనిషితో ఎన్నిసార్లు తలపడ్డాడన్నది ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఇది పాతదానికీ కొత్తదానికీ తగాదా అని ఎవరూ అనుకోవద్దు. మన కుస్తీ ఎంత పాతదో అందరికీ తెలుసు. అందులో గోదాలోకి దిగిన మొదటిరోజు నుంచీ ఎదుటివాడు ఒప్పుకోడు. గామా పహిల్వాన్ దండీలూ బస్కీలూ వేలకొద్దీ తీసేవాడని చెప్పుకుంటాం. వాటితో పాటు తోటి పహిల్వాన్లతో రోజూ జోడీలు పట్టడమే ఆయన అసలు చదువు. పోలండ్‌కు చెందిన జ్బిష్కోతో 1910లో లండన్‌లో రెండున్నర గంటలకు పైగా పట్టినా ఫలితం తేలలేదు. 1928లో పటియాలాలో అదే జ్బిష్కోను నిమిషంలోపే చిత్తు చేశాడు. హైదరాబాదు పాతబస్తీ తాలీంలలో మట్టి పూసుకుని పెరిగిన కుర్రవాళ్ళది కూడా ఇదే చదువు.

మన కోడి రామ్మూర్తి నాయుడుగారి సంగతే చూడండి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాధన చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఆపైన సర్కస్ పెట్టి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం ప్రదర్శనే. కానీ ఏనుగు మొహమాటపడదు, ఆయన గొప్పవాడు కదా అని బరువు తగ్గించుకోదు. చూపే విద్య అయినా దానికింద నిజమైన బరువు ఉంది.

బైరాన్‌పల్లి కథ ఇంకా నాకు ఎక్కువగా గుర్తొస్తుంది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఆ ఊరివాళ్ళు 1948లో రజాకార్ల దాడులను బురుజు మీద నిలబడి పదేపదే తిప్పికొట్టారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి నాటు తుపాకులూ, వడిసెలలూ. వడిసెల వాళ్ళకు ఏ గురుకులంలోనూ ఎవరూ నేర్పలేదు. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలే పిల్లవాడికి ఆ విద్య చిన్నప్పుడే వచ్చేస్తుంది. గురి తప్పితే పిట్ట లేవదు, కంకి మిగలదు. ప్రతి రాయికీ జవాబు అప్పటికప్పుడే తెలిసిపోయే సాధన అది. ఆ సాధన ఊరిని కొన్నాళ్ళు కాపాడింది. చివరికి ఆగస్టు 27న పెద్దఎత్తున ఆయుధాలతో వచ్చిన బలగాల ముందు నిలవలేక ఎనభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎంత మంచి సాధనకైనా ఒక హద్దు ఉంటుందని కూడా ఆ ఊరు చెబుతుంది. అమెరికాలో తుపాకుల మధ్య బతికే మనం పిల్లలకు ఆ హద్దు కూడా నేర్పాలి. తుపాకీ చూపినవాడికి పర్సు ఇచ్చెయ్యడమే ఆత్మరక్షణ అని నేర్పని బడి సగం చదువే చెబుతున్నట్టు.

‘మేం పంపేది తన్నులాటకు కాదండీ, క్రమశిక్షణకు, వ్యాయామానికి’ అని చాలామంది మిత్రులు అంటారు. చాలా మంచి ఉద్దేశం. ఆ ఉద్దేశానికి ఆ బడులు బాగానే పనికొస్తాయి. పేరిణి నేర్చుకున్న కుర్రవాడు వేదిక మీద వీరావేశంతో ఆడతాడు గాని, యుద్ధం చేయగలనని చెప్పుకోడు. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా ప్రదర్శిస్తారు. కళ్ళకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటిమీద పెట్టిన కాయగూరలను కత్తితో తెగ్గొట్టే నేర్పు చూసి ఒళ్ళు జలదరించని వారుండరు. అది ఎన్నో ఏళ్ళ సాధనతో వచ్చే గొప్ప విద్య. కాకపోతే కింద పడుకున్న మనిషి కదలకుండా సహకరిస్తున్నాడు. కళను కళగా, వ్యాయామాన్ని వ్యాయామంగా నేర్పిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాన్ని రక్షణ అని చెప్పి పిల్లల చేత నమ్మిస్తేనే ప్రమాదం. ఏమీ రాదని తెలిసిన అమ్మాయి పరిగెత్తుతుంది. అన్నీ వచ్చునని నమ్మిన అమ్మాయి నిలబడిపోతుంది.

రెండో అభ్యంతరం తల్లులది. ‘నిజంగా కొట్టుకుంటే దెబ్బలు తగలవా? మీరు డాక్టరై ఉండి ఇలా చెప్పవచ్చునా?’ అంటారు. తగులుతాయి. పిల్లల తలకు దెబ్బలు తగిలే సాధనను నేను ఎన్నటికీ సమర్థించను. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఈ విద్యల గురించి ఒక నివేదిక ప్రచురించింది. తలకు దెబ్బ తగిలే పోటీలు పిల్లలకు తగవని, తలకు పెట్టుకునే తొడుగు మెదడు అదరకుండా ఆపుతుందన్న రుజువు లేదని అందులో హెచ్చరించింది. కానోగారు నూటనలభై ఏళ్ళ క్రితమే దీనికి దారి చూపారు. కొట్టడం తీసేసి పట్టుకోవడం, తోయడం, పడేయడం, విడిపించుకోవడం మిగిల్చితే పూర్తి బలంతో సాధన చేయవచ్చు. మన హైస్కూళ్ళలో రెజ్లింగ్ జట్లు చేసేది అదే. జూడోలో మొదట నేర్పేది పడడం. చెయ్యి నేలకు ఆనించకుండా, గడ్డం ఛాతీకి ఆనించి, ఒళ్ళు దొర్లిస్తూ పడడం. జారిపడి చెయ్యి నేలకు ఆనించి మణికట్టు విరగ్గొట్టుకున్నవారిని వారం వారం చూసే నాకు, మనిషికి జీవితంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు అక్కరకొచ్చే యుద్ధవిద్య ఇదేననిపిస్తుంది.

పండగ సంచికలో ఈ మాట ఎందుకనుకోకపోతే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లకు పొంచి ఉన్న ప్రమాదం ఎక్కువగా చీకటి సందులోని అపరిచితుడి వల్ల రాదు. తెలిసినవాడి వల్ల వస్తుంది. 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం అచ్చయింది. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదువుతున్న దాదాపు 900 మంది అమ్మాయిల్లో సగం మందికి 12 గంటల శిక్షణ ఇచ్చారు, మిగతా సగానికి కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, కరపత్రాలు అందుకున్నవారిలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో నేర్పినవి ఎగిరి తన్నడాలు కావు. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదం పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా కాదనడం, అరవడం, అవసరమైతే ఒంటితో ఎదిరించడం. వీటిని నోటితోనూ ఒంటితోనూ సాధన చేయించారు. మన ఇళ్ళలో ఆడపిల్లలకు మొహమాటం మనమే నేర్పుతాం. ‘పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు’ అని పదహారేళ్ళు చెప్పి, పదిహేడో ఏట డార్మిటరీలో దింపి వస్తాం. గట్టిగా ‘వద్దు’ అనడం కూడా ఒక పట్టే. దానికీ ఒప్పుకోని ప్రత్యర్థి ఎదుట సాధన కావాలి.

ఇండియాలో ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. ఆ మూడు నెలల్లో ఏం చేయిస్తారన్నది శిక్షణ ఇస్తున్నామన్న మాటకన్నా ముఖ్యం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు తోటి అమ్మాయిలు లేక అబ్బాయిలతోనే సాధన చేసింది. వాళ్ళు ఆమెకు సహకరించి పడలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయింది. అందరూ నిఖత్‌లు కానక్కరలేదు, అందరి పిల్లలకూ బాక్సింగూ అక్కరలేదు. నేర్పే పద్ధతికి మాత్రం ఆమె కథ పాఠంగా పనికొస్తుంది.

అందుచేత తల్లిదండ్రులకు నా సలహా ఇది. బడిలో చేర్చేముందు గోడమీది పతకాలు చూడకండి, ఒక తరగతి మొత్తం కూర్చుని చూడండి. గంటలో ఎన్ని నిమిషాలు పిల్లలు ఒప్పుకోని ప్రత్యర్థితో తలపడుతున్నారు? అనుకున్న పట్టు కుదరనప్పుడు మాస్టారు ఏమంటున్నారు? ఎప్పుడైనా మాస్టారి పట్టు కూడా విఫలమవుతుందా? పడడం నేర్పుతున్నారా? తలకు దెబ్బ తగలకుండా ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు? పారిపొమ్మని కూడా నేర్పుతున్నారా? బెల్టు పరీక్షలో తప్పినవాళ్ళు ఉన్నారా? అందరూ ఎప్పుడూ పాసయ్యే పరీక్ష ఇంజనీరింగులో ఉంటే ఆ వంతెన మీద మనం కారు నడపం.

మన సాంస్కృతిక సంఘానికి కూడా ఒక మాట. పండగలకు పిల్లల చేత కర్రసాము వేయించాలన్న ఉత్సాహం మనలో కొందరికి ఉంది. తప్పకుండా చేద్దాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను మన విద్య విషయంలోనైనా అబద్ధం చేద్దాం. అయితే పాటకు తగినట్టు కర్ర గిరగిరా తిప్పడంతో ఆపకూడదు. జపాన్‌వారు 18వ శతాబ్దంలోనే కత్తికి బదులు వెదురుబద్దల కత్తి, ఒంటికి కవచం పెట్టి పూర్తి వేగంతో సాధన చేసే పద్ధతి ఏర్పరచుకున్నారు. ఈనాటి కెండో అలా నిలిచింది. పంజాబువారి గత్కా, కేరళవారి కళరిపయట్టు, మణిపూర్ థాంగ్-టా ఈమధ్య ఖేలో ఇండియా యువజన క్రీడల్లో చోటు సంపాదించుకున్నాయి. మనం మెత్తని స్పాంజి చుట్టిన కర్ర, తలకూ చేతులకూ తొడుగులు, తలమీద కొట్టకూడదన్న నియమం, ఎదురుగా నిజంగా తప్పించుకోవాలని చూసే తోటి పిల్లవాడు, ఇవి సమకూర్చుకుంటే చాలు. ఒక జిమ్ గది, వారానికి ఒక గంట. మొదటి ఆరు నెలలు వేదిక ఎక్కించవద్దు. పిల్లలు ఓడిపోతారు, నవ్వుకుంటారు, మళ్ళీ లేస్తారు. కర్ర తిప్పడంలోని అందం ఎందుకు పుట్టిందో వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

ఈ పని మొదలుపెట్టడానికి వచ్చే ఉగాది దాకా ఆగనక్కరలేదు. ఆసక్తి ఉన్నవారు పండగనాడు భోజనాల దగ్గర నన్ను పలకరించండి. స్పాంజి కర్రలు నేను తెస్తాను. మీరు పిల్లల్ని తీసుకురండి, వీలైతే మీరూ ఒక కర్ర పట్టుకోండి.